కత్తెర కంటే ముందు చప్పట్లు: ఎడిటింగ్ తరగతిలో లయ నేర్పే పద్ధతి

మల్లెపూలు అమ్మే ఆమె దగ్గర టేపు ఉండదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా దండను చాచి, మూర అని తెంచి ఇస్తుంది. ఆమె చేయి పొట్టిదని మనం గొణుక్కుంటాం గానీ, ఆ చేయి ఎప్పుడూ ఒకేలా కొలుస్తుంది. ఫిల్ము ముక్కలతో పనిచేసిన రోజుల్లో ఎడిటర్ల చేతికి కూడా ఇలాంటి కొలతే పట్టుబడేది. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. మూర అంటే అడుగున్నర కాబట్టి 24 ఫ్రేములు, తెర మీద ఒక్క సెకను. గజం ముక్క రెండు సెకన్లు. పాత తెలుగు సినిమాల టైటిళ్లలో ఎడిటింగుకు ‘కూర్పు’ అని వేసేవారు. దండ కూర్చడంలో ఉన్న మాటే అది.

నేటి విద్యార్థి ముందున్నది టైమ్‌లైన్, అంటే షాట్లను వరసగా పరిచి చూపే కంప్యూటర్ పట్టీ. జూమ్ చేస్తే సెకను జానెడవుతుంది, వెనక్కి లాగితే ఆవగింజంత అవుతుంది. కంటికి కనిపించే పొడవుకూ, గడిచే కాలానికీ పొంతన ఉండదు. లయ నేర్పడం ఇప్పుడు మరింత కష్టం కావడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

ఈ వ్యాసం ఎడిటింగ్ నేర్పేవారి కోసం రాస్తున్నాను. కాలేజీలో పాఠం చెప్పేవారైనా, తమ దగ్గర చేరిన ఇద్దరు అసిస్టెంట్లను తీర్చిదిద్దాలనుకునే ఎడిటర్లయినా వాడుకోవచ్చు. ‘లయ పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు’ అని మన రంగంలో తరచూ వింటాం. ఆ మాట అనేవారిలో చాలామంది ఏళ్ల తరబడి పెద్ద ఎడిటరు వెనక కుర్చీలో కూర్చుని, వందల గంటల రషెస్ (ఇంకా కూర్చని ముడి షాట్లు) చూసినవారే. ఎవరూ పలకా బలపం పట్టించి నేర్పలేదు కాబట్టి పుట్టుకతో వచ్చిందనుకుంటారు. ఈ లయ స్ఫురణలో రెండు పనులు ఉన్నాయని నా అభిప్రాయం. షాట్ చూస్తున్నప్పుడు తన ఒంట్లో ఏం జరిగిందో గమనించుకోవడం ఒకటి. అదే షాట్ మళ్లీ చూసినప్పుడు మళ్లీ అదే జరిగిందా అని సరిచూసుకోవడం రెండోది. మొదటిది దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. మన పని రెండోదాన్ని అలవాటు చేయడం. పూలమ్మే ఆమె చేతిలో ఉన్నది అదే.

కింద చెప్పేది ఎనిమిది వారాల పాఠం. వారానికి రెండు తరగతులు, ఒక్కోటి మూడు గంటలు. పదిమందికి మించి చేర్చుకోకండి.

ముందుగా మీ వంతు పని

పేరున్న సినిమా నుంచి సన్నివేశం తీసి ఇవ్వకండి. దాని కూర్పు వాళ్ల తలలో ముందే ఉంటుంది, తెలియకుండానే దాన్నే తిరిగి కడతారు. అభ్యాసం కోసం ఇంటర్నెట్‌లో దొరికే రషెస్‌లో ఎక్కువ భాగం ఇంగ్లీషు సంభాషణలే. అవి ఎందుకు చాలవో నాలుగో మెట్టులో చెబుతాను. ఒక పూట కష్టపడి మీరే తీయండి. ఫోను కెమెరా చాలు. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, దాన్ని 24కు మార్చుకోవడం మరిచిపోకండి. మన మూర లెక్క దాని మీదే ఆధారపడి ఉంది.

నేను వాడే సన్నివేశం ఇది. పెరటి వసారాలో అమ్మ చాటతో బియ్యం చెరుగుతూ ఉంటుంది. కొడుకు వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడతాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, “అమ్మా, రేపటి నుంచి నేను ఆ ఉద్యోగానికి వెళ్లను” అంటాడు. అమ్మ ఒక్క మాటా అనదు. అంతే. రెండున్నర నిమిషాలు.

చాటను ఎందుకు పెట్టానో చెప్పాలి. చెరగడానికి తనదైన దరువు ఉంది. చాట ఎగురుతుంది, బియ్యం ఒక్క క్షణం గాలిలో ఉంటుంది, తిరిగి పడుతుంది. అది కంటికీ కనిపిస్తుంది, చెవికీ వినిపిస్తుంది, ఆగితే ఆగిందని ఎవరికైనా తెలుస్తుంది. చాట పట్టడం నిజంగా వచ్చినవారినే పెట్టండి. రానివారి చేతిలో లయ ఉండదు సరికదా, బియ్యం నేలపాలవుతుంది.

మొత్తం చోటు కనిపించే మాస్టర్, అమ్మ ముఖం దగ్గరగా క్లోజ్, కొడుకు నడుము పైనుంచి మిడ్, అమ్మ భుజం మీదుగా కొడుకు సజెషన్, చాటా చేతులూ కనిపించే క్లోజ్. ఈ అయిదింటికీ మూడేసి టేకులు. మొదటి టేకులో ‘వెళ్లను’ అన్న మాటతోనే చాట ఆగాలి. రెండో టేకులో మరో మూడుసార్లు ఎగరేసి ఆపాలి. మూడో టేకులో అసలు ఆగకూడదు, నెమ్మదించాలి. ప్రతి టేకులోనూ ‘కట్’ అన్న తర్వాత పది సెకన్ల పాటు కెమెరా తిరగనివ్వండి. నటులు పాత్రలోంచి బయటికి వచ్చే ఆ పది సెకన్లలో ఒక్కోసారి సన్నివేశానికి కావలసిన ముఖం దొరుకుతుంది. మొత్తం సుమారు ముప్పావు గంట రషెస్ అవుతాయి. అందరికీ ఇవే ఇవ్వండి. ఒకే బియ్యంతో పదిమంది పది రకాలుగా వండితేనే ఎవరి చేతి తీరు ఏమిటో బయటపడుతుంది.

మొదటి మెట్టు: కంప్యూటర్లు ఆపేసి

మొదటి తరగతిలో తెర ఉండకూడదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి తకిట, తకధిమి అనిపిస్తూ చప్పట్లు కొట్టించండి. మూడు, నాలుగు, కలిపితే ఏడు, అదే మిశ్రచాపు. ఎనిమిది అక్షరాల ఆదితాళం కాకుండా దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సమానమైన దరువు నిద్రలో కూడా వేయవచ్చు. ఇది కుంటుతుంది, కాబట్టి మెలకువగా ఉండాలి.

పది నిమిషాల్లో అందరికీ పట్టుబడుతుంది. అప్పుడు అసలు అభ్యాసం మొదలు పెట్టండి. రెండు ఆవర్తాలు (ఆవర్తం అంటే ఏడు అక్షరాల ఒక చుట్టు) చప్పట్లతో, ఒక ఆవర్తం పూర్తి నిశ్శబ్దంగా, మళ్లీ అందరూ ఒకేసారి చప్పట్లతో. నిశ్శబ్దంలో తల ఊపకూడదు, కాలు ఆడించకూడదు. మొదటి రోజు తిరిగి అందుకోవడం వడగళ్లు పడినట్టు ఉంటుంది. మూడో తరగతికి ఒకే చప్పుడవుతుంది. తర్వాత నిశ్శబ్దాన్ని రెండు ఆవర్తాలకు పెంచండి.

తాళం మీద కట్ చేయడం నేర్పడానికి ఇదంతా చేయించడం లేదని పిల్లలకు ఆరోజే చెప్పండి. ఏమీ జరగని సమయం ఎంత పొడవుందో తెలియడం కోసం చేయిస్తున్నాం. డైలాగు నడుస్తున్నంతసేపు ఎవరైనా ఎడిటరే. ఇద్దరూ మాట్లాడకుండా నిలబడ్డప్పుడు చేతులు వణుకుతాయి.

ఇక్కడ ఒక చిక్కు గురించి హెచ్చరించాలి. మృదంగమో తబలానో నేర్చుకుని వచ్చినవారు ఈ మెట్టును నవ్వుతూ దాటేస్తారు. ఆ తర్వాత వారితోనే ఎక్కువ కష్టపడవలసి వస్తుంది. వారికి లెక్క తప్పడం అంటే దోషం. మనిషి తడబడి, గుటక వేసి, లెక్క తప్పి మాట్లాడిన చోట కూడా వారు దాన్ని సరిచేసేస్తారు. దృశ్యం ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారవుతుంది.

రెండో మెట్టు: రషెస్ ఒక్కసారే చూడటం

మొదటిసారి చూడటం జీవితంలో ఒక్కసారే వస్తుంది. ముప్పావు గంట రషెస్‌ను పెద్ద తెర మీద, ఆపకుండా, అందరికీ కలిపి వేయండి. ఫోన్లు బయట పెట్టించండి. చేతిలో కాగితం ఉండవచ్చు కానీ ‘మంచి టేకు’, ‘ఫోకస్ పోయింది’ లాంటి మాటలు రాయనివ్వకండి. తమ ఒంటికి ఏమైందో మాత్రమే రాయాలి: ముందుకు వంగాను, ఊపిరి బిగబట్టాను, గడియారం చూశాను, నవ్వొచ్చింది. పక్కన ఏ టేకో, సుమారుగా ఎక్కడో.

ఆ కాగితాలు మీరే దాచండి. ఆరో వారంలో ఒకే టేకును ముప్ఫైసార్లు చూసి మొద్దుబారిపోయిన విద్యార్థికి తన మొదటి చూపు ఏం చెప్పిందో గుర్తు చేసేది ఆ కాగితమే.

అదే వారంలో, ఏ సలహా ఇవ్వకుండా, ప్రతి ఒక్కరితో ఆ సన్నివేశాన్ని ఒకసారి కూర్చమనండి. రెండు గంటలు సమయం. పూర్తయ్యాక ఆ ఫైళ్లు కూడా మీ దగ్గరే ఉంచుకోండి, వారికి తిరిగి చూపకండి.

మూడో మెట్టు: ఆపే వేలు

ఈ మెట్టుకు కనీసం నాలుగు తరగతులు కేటాయించండి. ఎనిమిది వారాల్లో ఇంకేదైనా వదిలేయవచ్చు గానీ దీన్ని వదలకండి.

అమెరికన్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ తన పని పద్ధతి గురించి చెప్పిన విషయం ఇది. షాట్‌ను మామూలు వేగంతో నడిపించి, బయటికి రావాలనిపించిన క్షణంలో ఆపి, ఆ ఫ్రేము గుర్తు పెట్టుకుంటారు. వెనక్కి వెళ్లి, మళ్లీ నడిపించి, మళ్లీ ఆపుతారు. రెండుసార్లూ ఒకే ఫ్రేము దగ్గర ఆగితే అక్కడ కట్ ఉందని నమ్ముతారు. ఒక్కో ఫ్రేము ముందుకీ వెనక్కీ జరుపుతూ వెతకడం ఆయన పద్ధతి కాదు. దీన్ని తరగతికి తగ్గట్టు ఇలా మార్చుకున్నాను.

విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టండి. షాట్ తెర నిండా ఉండాలి. టైమ్‌లైన్ కనిపించకూడదు, ఫ్రేము సంఖ్య ఉన్న చోట కాగితం అతికించండి. ఒకరు చూస్తూ స్పేస్‌బార్ నొక్కుతారు. రెండోవారు కాగితం ఎత్తి సంఖ్య చూసి, పైకి చెప్పకుండా రాసుకుంటారు. ఒకే షాట్‌కు అయిదుసార్లు. తర్వాతే సంఖ్యలు చూపించాలి.

మామూలుగా ఇలా వస్తాయి: 118, 112, 111, 113, 112. మొదటిది ఎందుకు వెనకబడిందో వివరించండి. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది, అంటే ఆరు ఫ్రేములు. మొదటిసారి విద్యార్థి జరిగినదానికి స్పందించాడు. రెండోసారి నుంచి రాబోయేదాన్ని ముందే అందుకున్నాడు. చప్పట్ల తరగతిలో నిశ్శబ్దం తర్వాత అందరూ ఒకేసారి అందుకోవడం కూడా ఇలాంటిదే. చప్పుడు విన్నాక కొడితే ఆలస్యమే అవుతుంది. ఈ సంగతి చెప్పగానే ‘ఆ రోజు చప్పట్లు ఎందుకో ఇప్పుడు తెలిసింది సార్’ అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మీరే గుర్తు చేయండి.

సంఖ్యలు చెల్లాచెదురుగా 70, 131, 96, 118, 84 అని వస్తే తొందరపడి తప్పు పట్టవద్దు. విద్యార్థి చూడకుండా ఊహించి నొక్కి ఉండవచ్చు. లేదా ఆ టేకులో బయటికి దారే లేకపోవచ్చు, నటుడు ఒక ఆలోచనను పూర్తి చేయకుండా ఇంకోదానిలోకి జారిపోయి ఉండవచ్చు. వేరే టేకు ఇచ్చి చూడండి. అక్కడ కూడా చెదిరితే విద్యార్థి మీద పని చేయాలి, కుదురుకుంటే మొదటి టేకును పక్కన పెట్టాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం వేరే ఉంది: 84, 112, 85, 111, 84. రెండు గుంపులు. ఈ విద్యార్థి మనసులో రెండు సన్నివేశాలు నడుస్తున్నాయి. 84 దగ్గర కొడుకు నోరు తెరవబోయాడు. 112 దగ్గర అమ్మ కళ్లెత్తింది. “ఇది ఎవరి కథ అనుకుంటున్నావమ్మా?” అని అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. పుస్తకంలో కథనం గురించి గంటసేపు చెప్పినా రాని చర్చ రెండు సంఖ్యల దగ్గర పుడుతుంది.

ఈ అభ్యాసంలో గురువు చేయకూడని పని ఒకటే. 112 మంచిదో, 84 మంచిదో చెప్పకూడదు. మీరు చెప్పిన మరుక్షణం నుంచి వాళ్ల వేలు మీ ముఖం చూసి ఆగుతుంది.

కనురెప్పల సంగతి కూడా ఇక్కడే. 1970లలో ఒక సినిమా కూర్చుతున్నప్పుడు, తాను కట్ ఎంచుకున్న చోటికి దగ్గరగా నటుడు రెప్ప వేయడం మళ్లీ మళ్లీ గమనించారు మర్చ్. ఒక ఆలోచన ముగిసినప్పుడు మనిషి రెప్ప వేస్తాడని ఆయన వాదం. 2009లో జపాన్ పరిశోధకులు ఇంకో వైపు నుంచి చూశారు. కథ ఉన్న వీడియో చూస్తున్న ప్రేక్షకులు చాలావరకు ఒకే సమయాల్లో, కథలో కాస్త వెసులుబాటు దొరికిన చోట్ల, రెప్ప వేస్తున్నారని తేలింది. పిల్లలకు చెప్పండి, కానీ సూత్రంలా ఇవ్వకండి. ఒక బ్యాచిలో చెప్పి పొరపాటు చేశాను. పదిమందీ సన్నివేశాన్ని వదిలేసి రెప్పలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

నాలుగో మెట్టు: క్రియ పడేదాకా

ఇంగ్లీషు పుస్తకాల్లోంచి ఎడిటింగ్ పాఠం చెప్పేవారు దీన్ని దాటేస్తారు. నేనూ చాలాకాలం దాటేశాను.

ఇంగ్లీషులో ‘కాదు’ అన్న సంగతి వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. వినేవాడికి విషయం అందిపోయింది, మిగిలిన మాటలు వస్తుండగా అతని ముఖం మారడం మొదలవుతుంది. అందుకే డైలాగు పూర్తి కాకముందే వినేవాడి మీదికి కట్ చేయమని ఆ పుస్తకాలు చెబుతాయి. తెలుగులో “అమ్మా, రేపటి నుంచి నేను ఆ ఉద్యోగానికి వె...” అనేదాకా ఏమీ తేలదు. వెళ్తాను కావచ్చు, వెళ్లను కావచ్చు. వాక్యం బరువంతా చివరి అక్షరాల మీద వేలాడుతుంది. మన భాషలో వినేవాడి ముఖం వాక్యం పొడవునా ఎదురుచూసే ముఖమే.

కాబట్టి కట్ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మూడు వేరువేరు సన్నివేశాలు తయారవుతాయి. ‘ఉద్యోగానికి’ అన్న మాట తర్వాత అమ్మ మీదికి వెళితే, ‘వెళ్లను’ అన్నది ఆమె ముఖం మీద పడటం చూస్తాం. ‘వెళ్లను’ మీదే కట్ చేస్తే మాటా కట్టూ ఒకేసారి తగిలి చెంపదెబ్బలా ఉంటుంది. మన సీరియళ్లలో దీన్ని అరగదీశారు కాబట్టి జాగ్రత్త. ‘వెళ్లను’ అన్నాక కొడుకు మీదే ఒక మూర సేపు ఉండి, అప్పుడు అమ్మ మీదికి వెళితే, చెప్పేసిన తర్వాత వాడు పడే భయం చూస్తాం. అమ్మ జవాబు అప్పటికే చాట చప్పుడులో వినిపించేసి ఉంటుంది.

అభ్యాసం: ఈ మూడింటినీ ప్రతి విద్యార్థీ కట్టాలి. మూడు టేకులతో కలిపితే తొమ్మిది రకాలు. ఇరవై సెకన్ల ముక్కలే కాబట్టి ఒక తరగతిలో అయిపోతాయి. వరసగా తొమ్మిదీ చూస్తే తరగతి కాసేపు మాట్లాడదు.

వీలైతే ఇంకో టేకు అదనంగా తీసి పెట్టుకోండి. అందులో కొడుకు, “వెళ్లనమ్మా నేను, రేపటి నుంచి, ఆ ఉద్యోగానికి” అనాలి. మనసు ఉడికినప్పుడు మనం వాక్యాన్ని ఇలాగే తిరగేస్తాం. క్రియ ముందుకు వచ్చేసింది, వెనక వచ్చే మాటలన్నీ అమ్మ ముఖానికి ఖాళీగా దొరికిన సమయం. మాటల వరస మారితే కట్ ఉండే చోటు మారిపోతుందని ఈ టేకుతో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. ఊఁ కొట్టడం కూడా గమనింపజేయండి. మన ఇళ్లలో వినేవాళ్లు ఊరికే వినరు, ఊఁ కొడతారు. ఆ ఊఁ ఆగిపోయిన చోటు చాలాసార్లు మంచి కట్ అవుతుంది.

అయిదో మెట్టు: మూర కాగితం

దుకాణాల్లో బిల్లు కొట్టే కాగితం చుట్టలు రెండు కొనండి. ప్రతి విద్యార్థీ తన కూర్పులోంచి ముప్ఫై సెకన్లు ఎంచుకుని, సెకనుకు మూర చొప్పున కాగితం మీద గీయాలి. ముప్ఫై మూరలు, అంటే నలభై అయిదు అడుగులు, కాబట్టి తరగతి గది చాలదు, వరండాలో పరచండి. అమ్మ షాట్‌కు ఒక రంగు, కొడుక్కు ఒకటి, చాటకు ఒకటి.

మూరకు ఒక అడుగు వేస్తూ, డైలాగు చెప్పుకుంటూ దాని వెంట నడవాలి. ‘అక్కడ కొంచెం నీరసంగా ఉంది’ అని తెర ముందు అరగంట వాదించుకునే విషయం ఇక్కడ కాళ్లకు తెలిసిపోతుంది. రెండు మూరల ముక్కలు వరసగా నాలుగు వచ్చాయంటే నడక మెట్లు దిగుతున్నట్టు అయిపోతుంది. పొడవాటి ముక్క తర్వాత జానెడు ముక్క వస్తే కాలు తడబడుతుంది. తడబాటు అక్కడ కావాలనుకున్నారా, పొరపాటున వచ్చిందా అన్నది విద్యార్థి చెప్పాలి. ఆ మధ్యాహ్నం మిమ్మల్ని చూసి పక్క తరగతులవారు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆరో మెట్టు: ఒక ముఖం, మూడు పొడవులు

మాస్కో సినిమా పాఠశాల 1919లో మొదలైంది. అక్కడ బోధించిన లెవ్ కులెషోవ్ పేరుతో ఉన్న ప్రయోగం ఎడిటింగ్ చదివిన ప్రతివారికీ తెలుసు. నటుడి ముఖం ఒకటే, పక్కన వేరే షాట్ పెడితే ముఖంలో భావం మారినట్టు కనిపిస్తుంది. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు, శిష్యుడు పుడోవ్‌కిన్ మొదలైనవారు చెప్పగా విన్నదే. దీన్ని పాఠంగా చెప్పి వదిలేస్తే పిల్లలు పరీక్షలో రాస్తారు, అంతకు మించి జరగదు.

పక్క షాట్ మార్చకుండా పొడవు మార్చి చూపించండి. కొడుకు ‘వెళ్లను’ అన్నాక అమ్మ ముఖం, మూడో టేకు. ఒక మూర. మూడు మూరలు. ఆరు మూరలు. ప్రతిదాని తర్వాత ‘ఆమె ఏమనుకుంటోంది?’ అని ఒక్క వాక్యం రాయించండి. పక్కవాడిది చూడకూడదు. ఒక మూర ఉన్నప్పుడు ‘ఆమెకు ముందే తెలుసు’ అని రాసినవారే ఆరు మూరలప్పుడు ‘అప్పుల గురించి ఆలోచిస్తోంది’ అని రాయడం చూశాను. ముఖంలో కొత్తగా ఏమీ లేదు. ఆ సమయాన్ని చూసేవారే నింపారు.

ఏడో మెట్టు: మూడు కూర్పులు

ఇప్పుడు పూర్తి సన్నివేశం. ఒకసారి అమ్మ సన్నివేశంగా, ఒకసారి కొడుకు సన్నివేశంగా, ఒకసారి చాట సన్నివేశంగా. మూడోది వినగానే నవ్వుతారు గానీ ఎక్కువగా అదే బాగా వస్తుంది, ఎందుకంటే ఎవరి పక్షానా ఉండక్కర్లేదు. ఒక్కో కూర్పుకు తొంభై నిమిషాలే. సమయం తక్కువ ఉంటే వేలిని నమ్ముతారు, ఎక్కువ ఉంటే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముతారు.

నృత్యం నుంచి ఎడిటింగుకు వచ్చిన కారెన్ పెర్ల్‌మన్ లయను మూడుగా విడదీసి చూస్తారు. కట్ ఏ క్షణంలో పడాలన్నది ఒకటి. కదలికలూ కట్లూ ఎంత జోరుగా రావాలన్నది ఇంకొకటి. ఒక షాట్‌లోని కదలిక ఊపు తర్వాతి షాట్‌కు ఎలా అందాలన్నది మూడోది. మన విద్యార్థులకు మొదటి రెండూ త్వరగా వస్తాయి. మూడోది చాటతో నేర్పండి. చాట పైకి ఎగురుతుండగా కట్ చేసి, కొడుకు తల ఎత్తుతున్న చోట కలపమనండి. తర్వాత అదే చాట కిందికి పడుతుండగా కట్ చేసి అదే తలతో కలపమనండి. ఒకటి చేయి అందించినట్టు ఉంటుంది, ఒకటి తోసేసినట్టు ఉంటుంది. రెండూ పనికొస్తాయి, వేరువేరు చోట్ల.

ప్రతి కూర్పునూ ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి బొమ్మ లేకుండా చూపించండి. బొమ్మ లేకుండా విన్నప్పుడు చాట దరువు అతుకు పడిన చోటల్లా తప్పటడుగులు వేయడం స్పష్టంగా తెలుస్తుంది.

సంగీతం వేయనివ్వకండి. కూర్పు ఖాయమయ్యేదాకా తాత్కాలికంగా కూడా వద్దు. ఫోనులో రీల్స్ కట్టుకుంటూ పెరిగిన పిల్లలు పాట పడితే చాలు ప్రతి దెబ్బకూ ఒక కట్ వేస్తారు. పాట మీద తప్పక పనిచేయించాలంటే మన సంగీతంలోని ఎత్తుగడలు గుర్తు చేయండి. తాళంతో పాటే ఎత్తుకుంటే సమం, తాళం కంటే ముందే అందుకుంటే అతీతం, తాళం నడిచాక అందుకుంటే అనాగతం. ఒకే నిమిషం పాటను మూడు విధాలా కట్ చేయించండి. కట్టును దెబ్బకు నాలుగైదు ఫ్రేములు ముందూ వెనకా జరిపితే చాలు, తేడా తెలుస్తుంది.

ఈపాటికి తరగతిలో ఒకరిద్దరికి లయ పిచ్చి పడుతుంది. చాట దరువు చెడుతుందని అమ్మ కన్నీటి టేకును పక్కన పెడతారు. అప్పుడు మర్చ్ చెప్పిన అంకెలు బోర్డు మీద రాయండి. కట్ ఎంచుకోవడంలో భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10, ప్రేక్షకుడి చూపు ఉన్న చోటికి 7, మిగిలిన రెండు రకాల స్థల కొనసాగింపులకు (తెర మీది బొమ్మలో ఒకటి, నటులున్న అసలు చోటులో ఒకటి) 5, 4. కచ్చితమైన కొలతలుగా కాకుండా, ఏది ముందో ఏది వెనకో గుర్తు పెట్టుకోవడానికి చూడండి. లయ మూడో స్థానంలో ఉంది. ఎనిమిది వారాలుగా మనం కష్టపడుతున్నది ఆ పది కోసం.

ఎనిమిదో మెట్టు: చూసేవాళ్లను చూడటం

కూర్పులు అందరి ముందూ వేసేటప్పుడు విద్యార్థిని తెర పక్కన, ప్రేక్షకుల వైపు తిప్పి కూర్చోబెట్టండి. తన పని తాను చూడకూడదు. ఎవరు ఎప్పుడు కుర్చీలో కదిలారో, ఎవరి కళ్లు పక్కకు పోయాయో రాసుకోవాలి. మొదటిసారి ఇది చాలా బాధగా ఉంటుంది. తాను ప్రాణం పెట్టిన చోట ఎవరో ఆవులిస్తారు.

చర్చలో ‘ల్యాగ్’ అనే మాటను నిషేధించండి. ఆ మాట వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. అది వినగానే విద్యార్థి అన్ని షాట్లనూ సమానంగా కొంచెం కొంచెం కోసేస్తాడు, సన్నివేశం పొట్టిదవుతుంది, నీరసం అలాగే ఉంటుంది. సాగినట్టు అనిపించిన చోట జబ్బు తరచుగా అంతకు ముందే ఎక్కడో ఉంటుంది, అక్కర్లేని షాట్ ఒకటి అక్కడ విషయాన్ని ముందే చెప్పేసి ఉంటుంది. ‘ఎక్కడ బయటికి వచ్చేశారు?’, ‘తిరిగి ఎక్కడ లోపలికి వెళ్లారు?’ అన్న రెండు ప్రశ్నలే అడగనివ్వండి. ‘ఎందుకు’ అన్నది ఆ తర్వాత విద్యార్థే వెతుక్కోవాలి. మీరు మాత్రం మౌస్ ముట్టుకోకండి. ‘ఇటివ్వు, ఒక్క నిమిషం’ అని మీరు సరిచేసిన కట్ బాగానే ఉంటుంది, కానీ అది మీ చేతి మూర.

స్ఫురణనూ అలవాటునూ వేరు చేయడం కూడా ఈ దశలోనే. ప్రతి విద్యార్థి మూడు కూర్పుల్లోని కట్లన్నీ ఒక కాగితం మీద జాబితా రాయించండి: మాట ముందు, మాట మీద, మాట తర్వాత, కదలిక మీద, చూపు మీద. పాతిక కట్లలో ఇరవై ఒకే వరసలో ఉంటే అతని వేలు సన్నివేశాన్ని చూడటం లేదని అర్థం. ఆ ఒక్క రకం కట్ వాడకుండా నాలుగో కూర్పు చేయమనండి.

మార్కులు వేయవలసి వస్తే

కూర్పు అందానికి వేయకండి. ఆపే వేలు సంఖ్యలు మొదట్లో ఎంత చెదిరాయో, చివరి వారం ఎంత దగ్గరపడ్డాయో దానికి కొన్ని. మూడు కూర్పులు ఒకదానికొకటి ఎంత భిన్నంగా ఉన్నాయో దానికి ఎక్కువ.

చివరి తరగతిలో, దాచిపెట్టిన మొదటి వారం కూర్పులు బయటికి తీసి, ఎవరిది వారికి చూపించండి. చాలామంది తల పట్టుకుంటారు, కొందరు పగలబడి నవ్వుతారు. ఒకసారి ఒకమ్మాయి మాత్రం చూసి, కాసేపు ఊరుకుని, “సార్, నాకు మొదటిదే బాగుంది” అంది. మళ్లీ వేయించాను. నిజమే, బాగుంది. అమ్మ ముఖం మీద ఐదు మూరలు ఉండి, చాట చప్పుడు మీదే ముగించింది. తర్వాత చేసిన మూడింటిలోనూ అక్కడ రెండు మూరలకే కట్ చేసేసింది. రషెస్ మొదటిసారి చూసినప్పుడు ఆమె రాసిన కాగితం వెతికి ఆమె చేతిలో పెట్టాను. మూడో టేకు పక్కన ‘ఊపిరి బిగబట్టాను’ అని ఉంది. ఆమె ఆ కాగితం పట్టుకుని తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది, తరగతి సమయం అప్పటికే అయిపోయింది. గది తాళం ఆమెకే ఇచ్చి వచ్చేశాను.